కంపోస్టబుల్ కప్పులు ఏడాది కావస్తున్నా కరగలేదు, పొడి పొడి అవుతున్నాయి – ఈ పొడి మట్టికీ మనకీ సేఫేనా?

గడ్డిపూవు
పోయినేడాది ఇంట్లో చిన్న ఫంక్షన్‌కి కంపోస్టబుల్ అని రాసున్న కప్పులూ స్పూన్లూ తెచ్చాం, అయిపోయాక చెత్తలో పారేయడం ఎందుకులే అని కప్పుల్ని కత్తిరించి అన్నీ పెరట్లో కంపోస్ట్ డబ్బాలో వేశాను. పదకొండు నెలలైంది. నిన్న డబ్బా తిరగేస్తే ఆకులూ తొక్కలూ అన్నీ నల్లటి మట్టయిపోయాయి, స్పూన్లు మాత్రం వేసినవి వేసినట్టే ఉన్నాయి. కప్పు ముక్కలు పెళుసుబారాయి, వేళ్ల మధ్య పెట్టి నొక్కితే చిటుక్కున విరిగి చేప పొలుసుల్లా రేకులొస్తున్నాయి, ఆ రేకుని మళ్లీ నలిపితే తెల్లటి పొడి. గోళ్ల సందుల్లో ఇరుక్కుని కడిగినా ఒకపట్టాన పోలేదు.

ఈ మట్టే కుండీల్లో వేస్తాను. మా రెండేళ్ల పాప ఆ కుండీల్లో చెయ్యి పెట్టి ఆ చెయ్యే నోట్లో పెట్టుకుంటుంది. మామూలు ప్లాస్టిక్ అయితే ముక్క ముక్కగానే ఉంటుంది, ఏరి పారేస్తాం. ఇది పొడి అయిపోతే ఎలా ఏరాలి? కరిగిపోవడం అంటే ఇదేనా? ఇది ఒంట్లోకి పోతే ఏమవుతుందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్, రాత్రంతా నిద్ర లేదు.

పాలిమర్_పిల్లోడు
అది పీఎల్ఏ అయ్యుంటుందండి, కప్పు అడుగున రాసుందేమో చూడండి. లాక్టిక్ యాసిడ్ అణువుల్ని పూసల్లా గుచ్చిన పొడుగాటి గొలుసు అది. ఆ గొలుసు పొడుగ్గా ఉన్నంతసేపు ఏ సూక్ష్మజీవీ దాన్ని పెద్దగా ముట్టుకోదు. ముందు నీళ్లు లోపలికి వెళ్లి గొలుసుని అక్కడక్కడా తెంపాలి, ముక్కలు బాగా పొట్టివయ్యాకే బాక్టీరియా, బూజు తినడం మొదలుపెడతాయి. చిక్కేంటంటే దాదాపు 55–60 డిగ్రీల దగ్గరికి వస్తే గానీ ఆ గొలుసులు వదులవ్వవు, నీళ్లు బాగా దూరవు. అందుకే పెద్ద కంపోస్ట్ ప్లాంట్లలో 58 డిగ్రీల చుట్టూ వారాల తరబడి ఉంచుతారు. ఇంటి డబ్బా ఎప్పుడో ఒకసారి వేడెక్కినా ఆ వేడి నిలవదు కదా.

మీ కప్పు పెళుసుబారిందంటే తెగడం మొదలైందన్నమాట, తినే దశ ఇంకా రాలేదు. సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. స్పూన్ల సంగతి వేరు, వేడి తట్టుకోవాలని వాటిని ఎక్కువ స్ఫటికంగా, అంటే గొలుసులు వరసగా దగ్గరదగ్గరగా పేర్చుకునేలా గట్టిపరుస్తారు, స్ఫటికం ఉన్నచోట నీళ్లకి ఇంకా కష్టం.

గడ్డిపూవు
అవును అడుగున పీఎల్ఏ అనే ఉంది. మధ్యలో ఆగిపోయింది అన్నారే, నా భయం ఆ మధ్య గురించే.

సందేహాల_పుట్ట
అంటే ప్యాకెట్ మీద రాసింది అబద్ధమా? కేసు వెయ్యొచ్చా

లేబుల్_చదివేవాడు
అబద్ధం కాదు, సగం మాట. యూరప్ వాళ్ల ఈఎన్ 13432 అనే ప్రమాణం ప్రకారం కంపోస్టబుల్ అనాలంటే ఆ పెద్ద ప్లాంటు వేడిలో 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన 10 శాతం కంటే ఎక్కువ మిగలకూడదు, ఆరు నెలల్లోపు అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోవాలి. ఇంట్లో కంపోస్ట్ అవ్వాలంటే దానికి వేరే ముద్ర ఉంటుంది, హోమ్ కంపోస్ట్ అని. ఆ మాట లేకపోతే ఇంటి డబ్బాలో వేయకండి.

సందేహాల_పుట్ట
ఆగండాగండి, 2 మిల్లీమీటర్ల జల్లెడా? అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ ముక్క జల్లెడ కిందకి పోతే పాసన్నమాట? మైక్రోప్లాస్టిక్ అంటేనే 5 మిల్లీమీటర్ల లోపు కదా!

లేబుల్_చదివేవాడు
జల్లెడ పరీక్ష ఒక్కటే చూస్తే మీరన్నది నిజమే, అందుకే రెండో పరీక్ష ఉంది. కార్బన్ డయాక్సైడ్ లెక్కలో ముక్క సైజుతో పనిలేదు, కంటికి కనపడని పొడిగా మిగిలినా లెక్కలో తగ్గిపోతుంది. కాబట్టి మోసం అనను. కాకపోతే ఆ పరీక్ష ఆ వేడికి మాత్రమే చెల్లుతుంది, గడ్డిపూవు గారి పెరటికి చెల్లదు.

కుట్ల_డాక్టర్
పాప గురించి అంత కంగారు పడొద్దమ్మా. ఈ కుటుంబానికి చెందిన పదార్థాల్ని మేం ఏళ్ల తరబడి మనుషుల ఒంట్లోనే పెడుతున్నాం. వాటంతట అవే కరిగిపోయే కుట్లు ఉంటాయి చూడండి, 1970ల నుంచీ వాడుకలో ఉన్నాయి, గ్లైకాలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్ గొలుసులే. రెండు నెలలు, రెండున్నర నెలల్లో కలిసిపోతాయి. ఇదే రకం పదార్థంతో చేసిన అతిచిన్న గోళీల్లో మందు నింపి ఇంజెక్షన్‌గా ఇస్తారు, నెలకోసారి పొడిస్తే చాలు, మెల్లమెల్లగా మందు విడుదలవుతుంది. అమెరికాలో అలాంటిదానికి 1989లోనే అనుమతి వచ్చింది. ఆ గోళీలు కూడా ఒకరకంగా సూక్ష్మ ప్లాస్టిక్కులే కదా. చివరికి మిగిలేది లాక్టిక్ యాసిడ్, పరిగెత్తితే మన కండరాల్లో పుట్టేదే.

నీటిచుక్క
డాక్టర్ గారూ ఈ పోలిక ప్రతిచోటా వింటున్నాను, ప్రతిసారీ ఒప్పుకోలేకపోతున్నాను. కుట్టుకి వాడే దారం శుద్ధి చేసి, స్టెరిలైజ్ చేసి, ఎంత పరిమాణమో లెక్కపెట్టి, రోగికి అవసరమై, డాక్టర్ చూస్తుండగా పెట్టేది. కప్పు అలా తయారవ్వదు. అందులో ఏమేం కలిపారో ప్యాకెట్ మీద ఉండదు. పైగా కుట్టు ఒంటి వేడిలో, ఒంటి నీళ్లలో కరిగేలా డిజైన్ చేసింది.

నేను చెరువు జీవుల మీద పనిచేస్తాను. 2019లో వచ్చిన ఒక పరిశోధన మా ల్యాబ్‌లో అందరం కూర్చుని చదివాం. పీహెచ్‌బీ అని బాక్టీరియా తయారుచేసే ప్లాస్టిక్ ఒకటుంది, అందరూ అన్నింటికంటే మంచిది అనుకునేది అదే. దాని సూక్ష్మ ముక్కల్ని నీళ్లలో ఉంచితే అవి అరిగి నానో సైజు రేణువుల్ని వదిలాయి, ఆ రేణువులు నీలి ఆకుపచ్చ నాచుకీ, పచ్చ నాచుకీ, డాఫ్నియా అనే చిన్న నీటి జీవికీ హాని చేశాయి. చివరికి మిగిలేది మంచిదే అయినా, దారిలో ఏం పుడుతుందో కూడా చూడాలి కదా.

డాఫ్నియాని మైక్రోస్కోప్ కింద చూశారా ఎప్పుడైనా? ఒళ్లంతా అద్దంలా ఉంటుంది, పేగు ఒక పచ్చ గీతలా కనిపిస్తుంది, నాచు తిన్నప్పుడు పచ్చగా. రేణువులున్న నీళ్లలో వేసిన కాసేపటికి ఆ గీత తెల్లబడుతుంది. కడుపు నిండిందని అది తినడం మానేస్తుంది. అది చూసిన రోజు నుంచీ కరిగిపోయేదే కదా అనే మాట నా నోట రాలేదు.

పాలిమర్_పిల్లోడు
పీహెచ్‌బీ గురించి ఒక మాట. దాన్ని 1926లోనే బాక్టీరియాలో కనిపెట్టారు, వాటికది కొవ్వు నిల్వ లాంటిది. విడిపోతే వచ్చే హైడ్రాక్సీబ్యూటిరిక్ యాసిడ్ మన రక్తంలో కూడా ఉంటుంది. ముడిపదార్థం పుట్టుక బట్టి చూస్తే ఇంతకంటే సహజమైంది లేదు. అయినా నానో రేణువుగా ఉన్నప్పుడు హాని చేసిందంటే, నీటిచుక్క చెప్పేదాంట్లో బలం ఉంది. రసాయనం వేరు, రేణువు వేరు.

మా_ఇల్లు_మా_తోట
ఇవన్నీ వింటుంటే మామూలు ప్లాస్టిక్కే నయం అనిపిస్తోంది. కనీసం దాని సంగతి తెలుసు.

వానపాము
అమ్మో ఆ మాట అనకండి. పాలిథీన్ ముక్క మీ మట్టిలో మీ మనవల కాలందాకా ఉంటుంది. నేను మట్టి మీద పనిచేస్తాను కాబట్టి రెండువైపులా చెప్తాను.

2018లో గోధుమ మొక్కలతో ఒక ప్రయోగం చేశారు, మట్టిలో బరువుకి నూటికి ఒక పాలు ప్లాస్టిక్ ముక్కలు కలిపి. పిండి పదార్థంతో చేసిన కరిగే మల్చ్ షీట్ (కలుపు రాకుండా మట్టి మీద పరిచే పల్చటి షీటు) ముక్కలు, పాలిథీన్ ముక్కలకంటే మొక్కని ఎక్కువ దెబ్బతీశాయి. 2019లో ఇంకొకరు రైగ్రాస్ గడ్డితో చేస్తే పీఎల్ఏ కలిపిన మట్టిలో గడ్డి పొట్టిగా పెరిగింది, విత్తనాలు తక్కువ మొలిచాయి. ఇంకో సంగతి, అదే ప్రయోగంలో వానపాముల బరువు తగ్గించింది పీఎల్ఏ కాదు, గట్టి పాలిథీన్. ఎవరికి ఏది చెడు అన్నది జీవిని బట్టి మారుతుంది.

మొక్క ఎందుకు గిడసబారుతుంది అంటే విషం వల్లే అనుకోనక్కర్లేదు. కరిగే ప్లాస్టిక్ అంటే మట్టిలోని బాక్టీరియాకి ఒక్కసారిగా బోలెడు కార్బన్ పెట్టినట్టు. కార్బన్ తినాలంటే వాటికి నత్రజని కావాలి, ప్లాస్టిక్‌లో అది లేదు, మట్టిలోది లాగేసుకుంటాయి, మొక్కకి మిగలదు. పచ్చి రంపపుపొట్టు మట్టిలో కలిపితే మొక్కలు పసుపెక్కుతాయి చూడండి, సరిగ్గా అదే.

మా_ఇల్లు_మా_తోట
రంపపుపొట్టు మాట నాకు అనుభవమే, ఒక సీజన్ అంతా పోయింది నాది. ఇప్పుడర్థమైంది.

లెక్కల_మాస్టారు
నూటికి ఒక పాలు అంటే కిలో మట్టికి 10 గ్రాములు. గడ్డిపూవు గారూ మీ డబ్బాలో ఎన్ని కప్పులు వేశారు, మట్టి ఎంత వచ్చింది?

గడ్డిపూవు
ఇరవై కప్పుల దాకా వేశానండి. మట్టి ఒక ముప్పై కిలోలు ఉంటుందేమో తడితో కలిపి.

లెక్కల_మాస్టారు
కప్పు 5 గ్రాములు అనుకుంటే మొత్తం 100 గ్రాములు, ముప్పై కిలోల్లో. అంటే కిలోకి 3 గ్రాముల చిల్లర, అదీ ముక్కలన్నీ పొడైతే. గోధుమ ప్రయోగంలో మూడో వంతు. దాన్ని మళ్లీ కుండీ మట్టిలో కలుపుతారు కాబట్టి ఇంకా పలచబడుతుంది. ల్యాబ్‌లో ప్రభావం కనిపించాలని మోతాదు పెంచుతారు, ఆ అంకెల్ని తెచ్చి ఇంట్లో భయపడకూడదు.

నీటిచుక్క
మాస్టారూ మామూలుగా అయితే మీతో ఏకీభవిస్తాను, కానీ మీ లెక్క ప్రకారమే ఈమె డబ్బాలో ఉన్నది ల్యాబ్ మోతాదులో మూడో వంతు! అది తక్కువేం కాదు. పైగా బరువు ఒక్కటే లెక్క కాదు. ఒక గ్రాము ముక్క ఒకటే ముక్కగా ఉంటే ఒక సంగతి, అదే గ్రాము కోట్ల రేణువులైతే ఇంకో సంగతి. కరిగే ప్లాస్టిక్ తొందరగా ముక్కలవుతుంది కాబట్టి కొంతకాలం పాటు పాలిథీన్ కంటే ఎక్కువ రేణువులు ఉండే అవకాశం ఉంది. తర్వాత తగ్గిపోతాయి. ఆ కొంతకాలం ఎంత అన్నదే అసలు ప్రశ్న.

లెక్కల_మాస్టారు
మూడో వంతు మాట నిజమే, నేను తేలిగ్గా తీసుకున్నాను. ఒప్పుకుంటున్నా.

త్రీడీ_పిచ్చి
నేను పీఎల్ఏతో త్రీడీ ప్రింటింగ్ చేస్తాను, ప్రింటయ్యాక గరుకు కాగితంతో రుద్దుతాను, పొడి ముక్కులోకి పోతూనే ఉంటుంది. అది పర్లేదా?? ఎవరూ చెప్పలేదు ఇన్నాళ్లూ

పాలిమర్_పిల్లోడు
ప్రింటర్ వదిలే అతిసన్నటి రేణువులు మామూలుగా ఏబీఎస్ అనే ఇంకో ప్రింటింగ్ ప్లాస్టిక్ కంటే పీఎల్ఏకి తక్కువ, తక్కువ అంటే లేవని కాదు. రుద్దేటప్పుడు మాత్రం మాస్క్ పెట్టుకో తమ్ముడూ, నీళ్లు చల్లి తడి గరుకు కాగితంతో రుద్దు, పొడి గాల్లోకి లేవదు. ఊపిరితిత్తుల్లోకి పోయే ఏ సన్న పొడైనా మంచిది కాదు, దేంతో చేసిందన్నది తర్వాత సంగతి. రంగుల ఫిలమెంట్లో (ప్రింటర్‌లో పెట్టే ప్లాస్టిక్ తీగ) పిగ్మెంట్లు, అంటే రంగు పొడులు కూడా ఉంటాయి.

రంగు_సీసా
పిగ్మెంట్ మాట వచ్చింది కాబట్టి. ఇక్కడందరూ పీఎల్ఏ పీఎల్ఏ అంటున్నారు, కప్పులో ఉండేది పీఎల్ఏ ఒక్కటే కాదు. మెత్తబడటానికి ఒకటి, అచ్చు నుంచి తేలిగ్గా ఊడటానికి ఒకటి, తెల్లగా కనపడటానికి ఒకటి, ఇలా చాలా కలుపుతారు. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో మొక్కల నుంచి చేసినవీ, కరిగేవీ అని అమ్మే 43 రోజువారీ వస్తువుల్ని తీసుకుని అందులోంచి రసాయనాల్ని లాగి కణాల మీద పరీక్షించారు. 67 శాతం వస్తువుల్లో సాధారణ విష ప్రభావం కనిపించింది, 42 శాతంలో కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి, 23 శాతంలో పురుష హార్మోన్‌ని అడ్డుకునే గుణం. మామూలు ప్లాస్టిక్‌తో పోలిస్తే పెద్ద తేడా లేదు. అది కణాల మీద చేసిన పరీక్షే, మనిషి మీద కాదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ మొక్కల నుంచి వచ్చింది కాబట్టి మంచిదే అనే నమ్మకం మాత్రం అక్కడ నిలబడలేదు.

చెరకు పిప్పి, కాగితం లాంటివాటి గుజ్జుని అచ్చు పోసి చేసిన పళ్లేలు అసలు ప్లాస్టిక్కే కాదు కదా అంటారు. నూనె పీల్చకుండా ఉండటానికి వాటిలో కొన్నింటికి ఎప్పటికీ కరగని ఫ్లోరిన్ రసాయనాలు పూసినట్టు బయటపడింది. అలాంటివాటిని మట్టిలో కలిపితే పళ్లెం పోతుంది, పూత మిగులుతుంది.

గడ్డిపూవు
పాప నోట్లోకి పోతే ఏమవుతుందన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. దయచేసి సూటిగా చెప్పండి, దాచకండి.

పేగుల_కథ
నేను చెప్తాను, ముందే ఒక మాట, ఇది ఎలుకల మీద చేసిన పని. 2023లో వచ్చింది. పీఎల్ఏ సూక్ష్మ రేణువుల్ని ఎలుకలకి తినిపిస్తే పేగులో కొవ్వుని అరిగించే లైపేజ్ అనే ఎంజైమ్ వాటినీ కొరకడం మొదలుపెట్టింది. బాగానే ఉంది కదా, అరుగుతోంది అనిపిస్తుంది. కానీ అది పూర్తిగా లాక్టిక్ యాసిడ్ దాకా పోకుండా మధ్యలో పొట్టి గొలుసుల నానో రేణువులు తయారయ్యాయి. అవి పేగుల్లో, కాలేయంలో, మెదడులో కూడా చేరినట్టు చూశారు, పేగులో తీవ్రమైన వాపు వచ్చింది.

దీన్ని బట్టి మీ పాపకి ఏదో అయిపోతుందని కాదండి. వాళ్లు కావాలని తినిపించారు, మీ పాప వేలికి అంటేది అంత ఉండదు. ఒకసారి రెండుసార్లు నోట్లో పెట్టుకున్నదాని గురించి మీరు నిద్ర మానుకోవద్దు. రోజూ జరగకుండా చూసుకోండి, అంతే.

కుట్ల_డాక్టర్
నీటిచుక్క అన్నదానికి జవాబు రాద్దామని కూర్చుని నా మాటే మార్చుకుంటున్నాను. కుట్ల విషయంలో చెప్పింది నిజమే, అవి చక్కగా పోతాయి. కానీ మా రంగంలోనే ఇంకో సంగతి ఉంది, నిన్న రాయాల్సింది. చెంప ఎముక విరిగినప్పుడు స్టీలు ప్లేటు బదులు పీఎల్ఏలో గట్టి రకం ప్లేట్లు వేసి చూశారు, ఆ ఫలితాలు 1990ల్లో వచ్చాయి. మొదట్లో అంతా బాగుంది. మూడేళ్లు దాటాక కొందరికి అదే చోట వాపు వచ్చింది. తెరిచి చూస్తే ప్లేటు విడిపోయి స్ఫటికపు ముక్కలుగా కణాల్లోపల, కణాల చుట్టూ మిగిలి ఉంది, ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగి అరిగించుకోలేక తిప్పలు పడుతున్నాయి. మెత్తటి భాగం ముందు కరిగిపోతుంది, గట్టి స్ఫటికం మిగిలిపోతుంది.

నేను చూసిన ఒకాయనకి మోకాల్లో ఇలాంటి స్క్రూ. వేసిన రెండేళ్లకి ఉసిరికాయంత బుడిపె లేచింది, కోస్తే లోపల తెల్లటి పేస్టు లాంటి పదార్థం. ఇన్ఫెక్షన్ లేదు, చీము కాదు. తీసేశాక తగ్గిపోయింది. గడ్డిపూవమ్మ రాసిన తెల్లటి పొడి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది, అయినా ముందు ధైర్యం చెప్పాలని ఆత్రపడ్డాను.

నీటిచుక్క
ఇది రాసినందుకు నిజంగా థ్యాంక్స్ డాక్టర్ గారూ.

సందేహాల_పుట్ట
నాకు భలే అనుమానం వచ్చింది, ఈ స్పూనుతో పోట్లాడే బాక్టీరియాకి పళ్లుంటే పాపం డెంటిస్టు కావాలి 😀

కుట్ల_డాక్టర్
పళ్ల డాక్టర్‌ని ఇక్కడికి పిలవకండయ్యా, ఇప్పటికే చాలామందిమి అయ్యాం 😀

మా_ఇల్లు_మా_తోట
కరిగే క్యారీబ్యాగుల సంగతి? నేను రెండేళ్లుగా అవే మొక్కల మధ్య పాతేస్తున్నా

లేబుల్_చదివేవాడు
పాతకండి. 2019లో వచ్చిన పరిశోధన ఒకటుంది, ఇంగ్లండ్‌లో ప్లిమత్ యూనివర్సిటీ వాళ్లు రకరకాల సంచుల్ని మట్టిలో, సముద్రంలో, గాలిలో ఉంచి మూడేళ్లు చూశారు. బయోడీగ్రేడబుల్ అని రాసున్న సంచి మూడేళ్లు మట్టిలో, నీళ్లలో ఉన్నా తీసి సామాన్లు వేస్తే మోసింది! కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో కనపడకుండా పోయింది, మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా ఉంది, బరువు పెడితే చిరిగింది. ఒకే సంచి, చోటు మారితే వేరే కథ.

ఆక్సో డీగ్రేడబుల్ అని కనిపిస్తే అసలు కొనకండి. అది మామూలు ప్లాస్టిక్కే, తొందరగా ముక్కలవ్వడానికి లోహపు లవణాలు కలుపుతారు. యూరప్‌లో 2019లో చట్టం చేసి 2021 జూలై నుంచి ఆపేశారు.

వానపాము
మంచి కబురు కూడా ఒకటి చెప్పనీయండి, లేకపోతే అందరూ ఆశ వదిలేసేలా ఉన్నారు. పీబీఏటీ అని మల్చ్ షీట్లలో వాడే కరిగే ప్లాస్టిక్ ఉంది, పెట్రోలు నుంచి చేసిందే. 2018లో జ్యూరిక్ వాళ్లు దానిలోని కార్బన్‌కి గుర్తు పెట్టి మట్టిలో వేశారు. ఆ గుర్తు పెట్టిన కార్బన్ మట్టి బూజుల ఒంట్లో, ఏకకణ జీవుల ఒంట్లో కనిపించింది. అంటే అవి దాన్ని నిజంగా తిన్నాయి, తిని ఒళ్లు చేసుకున్నాయి. ముక్కలై మాయమవ్వడం కాదు, ఆహారమవ్వడం. నాకు ఆ పటాలు చూసినప్పుడు ఎంత సంతోషమేసిందో! పెట్రోలుదా మొక్కదా అన్నది కాదు, ఆ మట్టిలో ఆ వేడిలో దాన్ని తినేవాళ్లున్నారా లేదా అన్నది చూడాలి.

పాలిమర్_పిల్లోడు
+1. మా క్లాసులో పిల్లలకి మొదట చెప్పేది ఇదే, మొక్క నుంచి వచ్చిన ప్లాస్టిక్ కరగకపోవచ్చు, పెట్రోలు నుంచి వచ్చింది కరగొచ్చు.

గడ్డిపూవు
అందరివీ రెండుసార్లు చదివాను. ఇవాళ పొద్దున్నే స్పూన్లన్నీ ఏరేశాను, 14 దొరికాయి, 15 వేసినట్టు గుర్తు. మట్టిని జల్లెడ పట్టాను, పైన ఒక పెద్ద గిన్నెడు రేకులు వచ్చాయి. కింద పడిన మట్టిలో కూడా సూర్యుడికి అడ్డంగా పెడితే అక్కడక్కడా మెరుస్తోంది. ఆ మట్టి పాప ఆడే కుండీల్లో వేయను. దాన్ని ఏం చేయమంటారు?

వానపాము
పాప వెళ్లని మూల ఏదైనా చెట్టు మొదట్లో వేసేయండి, పైన ఆకులు కప్పండి, తడి ఆరనీయకండి. కాస్త నత్రజని ఉన్న ఎరువు కలపండి, నేను పైన చెప్పిన కారణానికి. చెరువుకీ కాలవకీ దగ్గర్లో మాత్రం వేయకండి, నీటిచుక్క ఏడుస్తుంది.

నీటిచుక్క
నిజంగానే ఏడుస్తాను.

గడ్డిపూవు
సరే, మామిడి చెట్టు కింద వేస్తాను. రేకుల్లో గుప్పెడు తీసి ఒక జాలి సంచిలో కట్టి అక్కడే పాతి పెడదామనుకుంటున్నా, ఆరు నెలలకోసారి తీసి తూకం వేస్తాను. మా ఇంట్లో గ్రాములు చూపించే చిన్న తక్కెడ ఉంది. ఇక్కడే రాస్తాను ఎంత తగ్గిందో.

లెక్కల_మాస్టారు
అద్భుతం. మూడు సంచులు కట్టండి ఒకటి కాదు, ఒక సంచిలో తేడా వస్తే మిగతావాటితో సరిచూసుకోవచ్చు.

వానపాము
జాలి కన్ను బాగా సన్నగా ఉండాలి, లేకపోతే పొడి జారిపోయి కరిగిపోయింది అనుకుంటాం. తూకానికి ముందు కడిగి నీడలో బాగా ఆరబెట్టండి, పీఎల్ఏ కదా ఎండలో వేడికి వంకర్లు పోతుంది. పాతే ముందు ఒక ఫొటో కూడా పెట్టండి, పక్కన స్కేలు ఉంచి.